ఇసుకకూ నీళ్ళకూ మధ్య కాపలా

శిశుపాఠశాలల తనిఖీ అధికారి గారి సముఖమునకు, తమ అజమాయిషీలోని పసిపిల్లల బడిలో మొన్నటిదాకా గేటు కాపలాదారుగాను, తమ ఉత్తర్వు పుణ్యమా అని ఇప్పుడు ఇసుకకూ నీళ్ళకూ మధ్య సరిహద్దు కాపలాదారుగాను పనిచేయుచున్న ముసలివాడు వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: పిల్లల ఇసుక గుంటను సిమెంటుతో పూడ్పించు ప్రతిపాదన – విరమణ కోరుట – తనిఖీ రోజున ఇసుక తడిసిన వైనం – నీళ్ళు మోసిన వ్యక్తి పేరు బయటపెట్టుటకు ముందస్తు అనుమతి కోరుట – గురించి.

సూచిక: 1. బురద నివారణపై తమ ఉత్తర్వు. 2. ఇసుక తడిసినందుకు సంజాయిషీ కోరుతూ నాకు పంపిన తమ మెమో. 3. తమ గొడుగు.

మూడవ సూచిక చూసి తమరు కళ్ళజోడు సవరించుకొని ఉంటారు. తొందరపడవద్దని ప్రార్థన. దాని వంతు వస్తుంది.

నేను ఉద్యోగకాలమంతా ఒక కచేరీలో బంట్రోతుగా చేసి, ఊళ్ళోవాళ్ళ అర్జీలన్నీ అధికారుల బల్లల మీదికి మోసినవాణ్ణి. సొంతానికి ఒక్కటీ వ్రాసుకోలేదు. మోసీ మోసీ ఆ భాష భుజానికి అంటుకుంది. అక్కడక్కడ జారిపోతే మన్నించగలరు, ముసలి భుజం. సోమవారం నాడు సిమెంటు బస్తాలు దిగుతాయని తెలిసినందున, నా గోడు వరుసగా మనవి చేసుకొనుచున్నాను.

1. తమరు తొలిసారి తనిఖీకి విచ్చేసినపుడు మా బడిలో ఇసుకా నీళ్ళూ ఒకే చోట ఉండెడివి. రేకుల కప్పు కింద ఇసుక గుంట, దాని గట్టునే నీళ్ళ తొట్టి. పిల్లలు కాలువలు తవ్వుచు, వాటికి కట్టలు వేయుచు, వేసిన కట్టను తామే తెగ్గొట్టి "వరదొచ్చింది" అని గంతులు వేయుచు ఉండిరి. ఆ సంబరంలో ఒక బుడతడు పరుగెత్తుకొచ్చి తమ మోకాళ్ళను వాటేసుకున్నాడు. తమ తెల్ల ప్యాంటు మీద రెండు చేతులు పడ్డాయి, పది వేళ్ళూ విడివిడిగా. వాడికి తమరు నచ్చారు. అంతకు మించి ఆ పనిలో దురుద్దేశమేమీ లేదని విచారణలో తేలింది. ఆ వారంలోనే ఉత్తర్వు వచ్చింది. ఆ రెండు చేతులకూ ఈ ఉత్తర్వుకూ సంబంధం ఉందని గిట్టనివాళ్ళు అంటున్నారు. నేను అనలేదు. అంటుంటే విన్నాను, అంతే.

2. సదరు ఉత్తర్వులో తమరు సెలవిచ్చినది: "ఇసుక ఎల్లప్పుడూ పొడిగా ఉండవలెను. నీరు ఎల్లప్పుడూ స్వచ్ఛముగా ఉండవలెను. ఏ పరిస్థితులలోనూ రెండును కలియరాదు. పిల్లలు రెండింటితోనూ స్వేచ్ఛగా ఆడుకొనవచ్చును."

దీన్ని మా టీచరమ్మ ఒకసారి నిలబడి చదివింది, ఒకసారి కూర్చుని చదివింది. "తాతగారూ, పెళ్ళి చేసి, మొగుణ్ణో ఊళ్ళో పెళ్ళాన్నో ఊళ్ళో కాపురం పెట్టుకోమన్నట్టుందండీ ఇది" అంది. నేను మందలించాను. ఉత్తర్వును అర్థం చేసుకోవడం మన పని కాదు, అమలు చేయడమే మన పని అని చెప్పాను. ఆ మాట అన్నందుకు తరువాత చాలా అనుభవించాను.

నీళ్ళ తొట్టిని వరండా ఆ చివరికి ఈడ్చారు. ఇసుక గుంట ఈ చివర ఉండిపోయింది. మధ్యలో సున్నంతో గీత గీశారు. గీత మీద నా స్టూలు. నా మెడలో ఈల. నీటి వైపు నుంచి ఇసుక వైపుకు వెళ్ళే ప్రతి పిల్లనూ పిల్లవాణ్ణీ సోదా చేసి పంపవలెనని పెద్ద టీచరమ్మ నాకు బాధ్యత అప్పగించింది. గేటు కాడ పల్లెత్తు మాట పడని వాణ్ణి, ఈ వయసులో మూడేళ్ళ వాళ్ళ జేబులు తడుముకుంటూ కూర్చున్నాను.

3. ఇక నా ఇబ్బందులు.

మొదటి రోజు అంతా సవ్యంగా జరిగింది. రెండో రోజు ఒక పిల్లవాడు ఇసుకతో గోపురం కడదామని పోశాడు, జారిపోయింది. మళ్ళీ పోశాడు, మళ్ళీ జారింది. నా వైపు తిరిగి, "తాతా, ఇది కూచోట్లేదు. దీనికి నీళ్ళు కావాలి" అన్నాడు. ఉత్తర్వు లేదు నాన్నా అన్నాను. "ఉత్తర్వు ఎక్కడుంది? తెస్తా" అన్నాడు.

ఆ సాయంత్రం నుంచే దొంగరవాణా మొదలైంది.

ఒకడు నోటి నిండా నీళ్ళు పట్టి, బుగ్గలు ఉబ్బించుకొని నా ముందు నుంచి నడిచాడు. "ఏం నాన్నా, బాగున్నావా?" అని పలకరించాను. తలాడించాడు. "మీ అమ్మ బాగుందా?" తలాడించాడు. మంచి పిల్లవాడు, వినయం గలవాడు అనుకున్నాను. గీత దాటి గుంటలో ఉమ్మేశాడు. మర్నాటి నుంచి బుగ్గలు నొక్కి చూడడం మొదలుపెట్టాను. నొక్కినప్పుడల్లా నా చొక్కా తడిసేది.

ఇంకొకతె మేజోళ్ళు తొట్టిలో ముంచి తొడుక్కొని వచ్చింది. ఒక బొమ్మ కుక్క పొట్టలో దూది బదులు స్పాంజి ఉందని ఎవరు కనిపెట్టారో గాని, ఆ కుక్క రోజుకు పది మార్లు సరిహద్దు దాటేది. ఒక మహానుభావుడు తిన్నగా తొట్టిలో కూలబడి, లేచి, నడుచుకుంటూ వెళ్ళి ఇసుకలో కూలబడేవాడు. చెడ్డీలో నీటిని తరలించుట ఏ నిబంధన కిందికి వస్తుందో, చెడ్డీని స్వాధీనం చేసుకునే అధికారం నాకు ఉన్నదో లేదో తమ ఉత్తర్వులో లేదు.

నేను ఈల ఊదితే టీచరమ్మ పరుగెత్తుకొస్తుంది, నాకు సాయానికనుకుంటాను. "చూశారా తాతగారూ! గుడ్డ నీళ్ళు పీలుస్తుందని వాళ్ళే కనిపెట్టారు! మొన్నటిదాకా ఒకడి పార ఒకడు లాక్కునేవాళ్ళు, ఇప్పుడు ఒకడు మీతో కబుర్లు చెబుతుంటే ఇంకొకడు వెనకనుంచి దాటుతున్నాడు. ఎంత కలిసిపోయారో!" అని మురిసిపోతుంది. "వాళ్ళు కలిసిపోతున్నారు తల్లీ, నా ఉద్యోగం పోతోంది" అన్నాను.

4. న్యాయంగా చెప్పవలసి వస్తే, ఈ ఆటలో చదువేముందో నాకూ మొదట్లో బోధపడలేదు. ఇసుక పోసుకోవడానికి బడి దాకా రావాలా అని టీచరమ్మనే అడిగాను. ఆమె ఒక పొడుగు గ్లాసు, ఒక వెడల్పాటి గిన్నె తెచ్చి నా ముందు పెట్టి, "దేంట్లో ఎక్కువ నీళ్ళు పడతాయండీ?" అంది. పొడుగు గ్లాసు అన్నాను. అది మనిషన్నవాడెవడైనా చెప్పే సంగతి. పక్కనున్న పిల్ల కాదంది. పందెం కాశాం. గ్లాసు నింపి గిన్నెలో పోస్తే గిన్నె సగం కూడా నిండలేదు. పందెం ప్రకారం నేను ఒంటికాలి మీద నిలబడ్డాను, మెడలో ఈలతో సహా. ఆ సమయానికి పెద్ద టీచరమ్మ అటు రావడం నా ప్రారబ్ధం.

ఆ పిల్లకు అది ఎవరూ చెప్పలేదు. పోసి చూసుకుంది. ఒలకబోసి చూసుకుంది. నాకు మాత్రం ఇంతకాలం గ్లాసుల్లో తాగడమే తెలిసింది.

5. ఇప్పుడు నా సొంత విషయం. అర్జీలో సొంత విషయం పెట్టకూడదని తెలుసు. అయినా పెడుతున్నాను.

మా అమ్మాయి కూతురు ఈ బడిలోనే ఉంది. పుట్టినప్పుడు గుప్పెడంత ఉండేది గనుక ఇంట్లో దాన్ని గుప్పెడు అంటాం. ఇంట్లో దాని నోటికి మూత లేదు. నిద్రలో కూడా ఎవరినో కేకలేస్తుంది. బడి గేటు దాటిందంటే మాత్రం నోట్లో నాలుక లేనట్టే. చేరిన రోజు నుంచి బడిలో ఎవరూ దాని గొంతు వినలేదు. దాహం వేస్తే వేలు చూపిస్తుంది, ఏడుపొస్తే గోడవైపు తిరుగుతుంది. నా స్టూలు పక్కన నిలబడి నా చొక్కా అంచు పిడికిట్లో పట్టుకొని, అటు ఇసుకకూ పోక ఇటు నీళ్ళకూ పోక చూస్తూ ఉండేది. "నోరు విప్పని పిల్లను పై తరగతికి పంపడం ఎలాగండీ?" అని పెద్ద టీచరమ్మ మెత్తగానే అడిగింది. మా అమ్మాయి ఆసుపత్రిలో నర్సు. ఊళ్ళో పిల్లలందరి నాలుకలూ చూసే మనిషి, ఇంటికొచ్చి దీన్ని ఒళ్ళో కూచోబెట్టుకొని, "ఆ చెప్పే నాలుగు ముక్కలు అక్కడ చెబితే ఏం పోయిందే నీకు?" అని కళ్ళు తుడుచుకునేది. నాకు చేతనైంది లేదు. ఈల ఊదడం తప్ప.

6. ఇక తమ రెండవ తనిఖీ.

ఆ ఉదయం జల్లు పడింది. తమరు గొడుగుతో వచ్చారు. వరండాలోకి రాగానే దాన్ని ముడిచి, పట్టీ బిగించకుండా, వంకీని నీళ్ళ తొట్టి అంచుకు తగిలించి, టీ నిమిత్తం పెద్ద టీచరమ్మ గదిలోకి వెళ్ళారు. ఇది ఎవరి మీదా నేరం మోపడానికి వ్రాయుట లేదు. గొడుగు ఎక్కడ ఉన్నదో నమోదు చేయుటకు మాత్రమే వ్రాయుచున్నాను.

పట్టీ బిగించని గొడుగు తలకిందులుగా వేలాడుతుంటే దాని మడతలన్నీ పైకి నోరు తెరుచుకొని ఉంటాయని నాకు ఆ రోజు దాకా తెలియదు. మొనవైపు అంతా సంచీలా ఉంటుంది. చుక్క కారదు. గొడుగు పనే అది కదా.

పిల్లలు దాని చుట్టూ మూగారు. ఇసుక వేస్తే రాలనట్టు మూగారు. ఒకడు కప్పుతో నీళ్ళు ముంచి మడతలోకి వంచి చూశాడు. కారలేదు. అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎవరికీ తరువాతి అడుగు తోచలేదు. అప్పుడు నా చొక్కా అంచు వదులైంది. నేను కిందికి చూసేసరికి గుప్పెడు అక్కడ లేదు. తొట్టి దగ్గర ఉంది. దాని గొంతు వినబడింది, బడిలో, ఇంట్లో ఉన్నంత పెద్దగా.

"పొయ్యండి, పొయ్యండి! దీన్ని ఆ గొడుగు తాత మోసుకెళ్తాడు."

పిల్లలు గతుక్కుమన్నారు. వాళ్ళెవరికీ దానికి గొంతుందని తెలియదు. ఒకడు తేరుకొని, "తాత తిట్టడా?" అని అడిగాడు.

"తిట్టడు. తాతలకి తెలీదు."

ఆ మాట అంటూ అది నా వైపు చూసింది. నేను పైకప్పు వైపు చూశాను.

నేనెందుకు ఈల ఊదలేదని తమరు అడగవచ్చు. ఉత్తర్వు ప్రకారం నీటి వైపున నీటితో పిల్లలు స్వేచ్ఛగా ఆడుకొనవచ్చును. గొడుగు నీటి వైపునే ఉన్నది. గీత దాటనంతవరకు నాకు అధికారం లేదు. దాటినప్పుడు సోదా చేసే అధికారం పిల్లల వరకే ఉన్నది. అధికారులను సోదా చేయుటకు ఉత్తర్వులో వీలు లేదు. ఉంటే తప్పక తమ బుగ్గలు నొక్కి ఉండేవాణ్ణి.

టీ ముగించి తమరు వచ్చారు. గొడుగు తీశారు. "ఏమిటిది, ఇంత బరువుగా ఉంది?" అన్నారు. పెద్ద టీచరమ్మ, "వానకి నానిందేమో సార్" అంది, పాపం, ఆమెకు నిజంగానే తెలియదు. తమరు వంకీ పట్టుకొని నడుస్తున్నారు, వెనకాల పిల్లలందరూ ఊపిరి బిగబట్టి మునివేళ్ళ మీద నడుస్తున్నారు. గుప్పెడు ఆగలేక, "మెల్లిగా తాతా, మెల్లిగా!" అని అరిచింది. తమరు వెనక్కి తిరిగి, "సరే తల్లీ, మెల్లిగానే నడుస్తున్నా" అన్నారు. నేల తడిగా ఉందని చెబుతోంది కాబోలనుకొని ఉంటారు. నేను మాత్రం దాన్ని అధికారి గారి మౌఖిక సమ్మతిగా భావించాను. కచేరీలో ఇంతకన్నా చిన్న మాటల మీద పెద్ద పెద్ద పనులు జరిగిపోవడం చూసినవాణ్ణి.

గీత దగ్గర నేను లేచి నమస్కారం పెట్టాను. తమరు దాటారు.

ఇసుక గుంటకు వీపు పెట్టి నిలబడి, వ్రాసుకోవడానికి రెండు చేతులూ కావలసి వచ్చి, గొడుగును చంకలో అడ్డంగా ఇరికించుకున్నారు. మొన ముందుకు, నోరు వెనక్కి. ఆ తరువాత జరిగింది తమ వెనక జరిగింది. అప్పటికి తమరు వ్రాస్తున్న మాట "ఇసుక పొడిగా ఉన్నది" అని పెద్ద టీచరమ్మ చూసి చెప్పింది. పిల్లలు చప్పట్లు కొట్టేసరికి తమరు వెనక్కి తిరిగి, తడిసిన ఇసుకను చూసి, కప్పు రేకులను చూసి, నన్ను చూసి, ఆ మాట కొట్టివేశారు.

కంచె చేను మేయడం విన్నాను గాని, కంచె మేసి కాపలావాడికి మెమో ఇవ్వడం ఇదే చూడడం.

7. తమ మెమోలో, "నీటిని సరిహద్దు దాటించిన వ్యక్తి పేరు, హోదా తెలుపుతూ శనివారంలోగా సంజాయిషీ ఇవ్వవలెను. లేనిచో ఇసుక గుంట పూడ్చివేయబడును" అని ఉన్నది. నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అని ఊరుకుందామనుకున్నాను. తెలియదని వ్రాసేస్తే నాకు పోయేదేమీ లేదు. గుంట పోతుంది, నాకు స్టూలు తప్పుతుంది, గేటు దగ్గర హాయిగా కూర్చుంటాను.

కాని అయ్యా, ఇక్కడ నాకు ఆఫీసు భాష చాలడం లేదు. తమరు వెళ్ళిపోయాక ఆ తడి ఇసుకలో నా మనవరాలు మోచేతుల దాకా దిగబడి, పక్కపిల్లతో, "నువ్వు గోడ పట్టుకో, నేను తలుపు చేస్తా, ఎవరూ తోసెయ్యకండి, చెప్తున్నా" అని అరుస్తుంటే, టీచరమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని నిలబడిపోయింది. నేను ముక్కు చీదుకునే మిషతో గేటు దాకా వెళ్ళి వచ్చాను. ఆ సాయంత్రం మా అమ్మాయికి చెబితే, డ్యూటీ బట్టలు కూడా మార్చుకోకుండా దాన్ని ఎత్తుకొని ఇల్లంతా తిరిగింది.

మెమో రాగానే గుంట చుట్టూ తాడు కట్టారు. గుప్పెడు మళ్ళీ వచ్చి నా చొక్కా అంచు పట్టుకుంది. నిన్నా అంతే, ఇవాళా అంతే. పక్కపిల్ల వచ్చి పిలిచింది. ఇది తాడు వైపు వేలు చూపించింది. మాట లేదు.

కావున తమను వేడుకొనునది ఏమనగా:

సోమవారం దిగనున్న సిమెంటు బస్తాలను బడి వెనుక గోడకు మళ్ళించగలరు. అది ఇవాళో రేపో పడేట్టుంది, దానికి సిమెంటు అవసరం, గుంటకు కాదు. తాడు విప్పించి, తొట్టిని తిరిగి గుంట గట్టుకు చేర్పించి, ఇసుకనూ నీళ్ళనూ ఒకచోట కాపురం చేసుకోనివ్వగలరు. నన్ను గేటు దగ్గరికి పంపించగలరు. తమ ప్యాంటు విషయమై భయం వద్దు. ఈసారి తమరు వచ్చేసరికి మోకాళ్ళకు కట్టుకోవడానికి ఒక పాత తువ్వాలు గేటు దగ్గరే సిద్ధంగా ఉంచుతాను. అయినా ఆ బుడతడు తమ కోసం అడుగుతున్నాడు, తువ్వాలు ఎంతవరకు ఆపుతుందో చెప్పలేను.

పై కోరిక మన్నించుటకు వీలుకాని పక్షంలో, సంజాయిషీలో "పేరు, హోదా" అన్నచోట ఏమి వ్రాయవలెనో తమరే సెలవియ్యగలరు. పేరు నాకు తెలుసు. హోదా అంతకన్నా బాగా తెలుసు. శనివారం సాయంత్రం వరకు కలం విప్పకుండా కూర్చుంటాను. ఇది బెదిరింపులా వినిపిస్తే తప్పు నా భుజానిదే. బెదిరించేవాడు ఒంటికాలి మీద నిలబడడు.

నా ఈ మొరను ఒక తాత వ్రాసినట్టుగా, మరొక తాత చదివినట్టుగా చిత్తగించవలెను.

తమ విధేయుడు,
గీత మీది కాపలాదారు

తా.క.: అర్జీ మడత పెడుతుండగా గుప్పెడు పక్కన చేరి, ఎవరికి వ్రాస్తున్నావని అడిగింది. గొడుగు తాతకు అన్నాను. "ఇసుక చూసుకున్నాడా?" అంది. ఏ ఇసుక అన్నాను. తమరు టీ తాగుతున్నప్పుడు, పిల్లలు నీళ్ళు పోయకముందే, నేనెవరి బుగ్గలో నొక్కుతుండగా నా చొక్కా వదిలి వెళ్ళి, అది ఒక గుప్పెడు ఇసుక తెచ్చి గొడుగు మడతల్లోకి వేసిందట. ఇసుక వైపు నుంచి నీటి వైపుకు వచ్చేవాళ్ళను నేను సోదా చేయడం లేదని దానికి ముందే తెలుసు. అంతా కారిపోయి ఉండదు, తడి ఇసుక మడతల్లో అంటుకుంటుంది. కనుక తమరు ఆ గొడుగును ఇంకా విప్పకపోయి ఉంటే, దయచేసి నెత్తిమీద విప్పకండి.

ఎందుకు వేశావే అని గద్దించాను. "పాపం, ఆ తాతకి ఇంట్లో ఇసుక లేదు కదా. ఆడుకుంటాడని" అంది.

కిందికి దులిపి, ఒక పళ్ళెంలో పోసుకోండి. అందులో నీళ్ళు కలపాలా వద్దా అన్నది తమ ఇష్టం. ఉత్తర్వు తమదే కదా.